పెరటి మడి: గడ్డ సోపు

ఈ శీర్షికలో ఇంతవరకు మనకు చిరపరిచితమైన కూరలను గురించే ముచ్చటించుకుంటూ వచ్చాము. ఈ మాసం ఒక కొత్త చుట్టాన్ని పెరటిలోకి పిలుద్దాము. బెంగళూరు, హైదరాబాదులలో పిల్లల ఇండ్లకు వెళ్ళి వచ్చిన మన సోదరీమణులు కొందరు అడుగుతున్నారు: “అక్కడి పెద్ద అంగళ్ళలో తెల్లగా, ఉల్లిగడ్డ ఆకారంలో, పైన మెత్తని జుట్టువంటి ఆకుతో ఒక కూర అమ్ముతున్నారు. కోస్తే సోపు వాసన వేస్తుంది. అది మన నల్లరేగడి నేలలో వస్తుందా?” అని.

వస్తుంది. అయితే ఏడాది పొడుగునా రాదు. దసరాకు విత్తి సంక్రాంతి దాటాక కోసుకునే పంట అది. ఆ నూరు రోజులలో నీరు ఒక్క వారం తప్పినా గడ్డ కట్టదు. ఈ రెండు మాటలు గుర్తు పెట్టుకుంటే మిగిలినదంతా సులభమే.

ముందుగా పేరు సంగతి. హచ్చొళ్ళివంటి సరిహద్దు గ్రామాలలో పేర్లతో ఎప్పుడూ చిక్కే. తెలుగులో సోపు అంటే భోజనానంతరం నోట్లో వేసుకునే గింజ. సోంపు అనీ, పెద్ద జీలకర్ర అనీ కూడా అంటారు. కన్నడంలో సొప్పు అంటే ఏ ఆకుకూరైనా సరే. ఇక మన పల్లెలలో సొప్ప అంటే పశువులకు వేసే జొన్న దంటు. ఒక దీర్ఘం, ఒక ఒత్తు తారుమారైతే నోట్లో వేసుకోవలసినది పశువుల కొట్టానికి పోతుంది! అందుచేత అంగడిలో బడేసోపు అని అడగడం క్షేమం. దీనికే గడ్డ కట్టే రకాన్ని మనం ఇక్కడ గడ్డ సోపు అని పిలుచుకుందాము.

సంతలో దొరికే సబ్బసిగె సొప్పు, అనగా సోయికూర, దీనికి దాయాది. ఆకు రెండింటికీ వెంట్రుకలవలె సన్నగానే వుంటుంది. ధనియాలు, జీలకర్ర, వాము, క్యారెట్ కూడా ఈ కుటుంబంలోనివే. గొడుగు విప్పినట్లు పూచే పువ్వును చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది. మన పొరుగున కర్నూలు జిల్లా నల్లరేగడిలో వాము పంట బాగా పండుతూనే వున్నది. కాబట్టి ఈ కుటుంబానికి మన నేల కొత్త కాదు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం చెప్పాలి. వంటింటి డబ్బాలోని సోపు గింజలు నాలుగు చల్లి గడ్డ కోసం ఎదురు చూసేవారు వున్నారు. ఆ గింజ మొలుస్తుంది, నిలువెత్తు పెరుగుతుంది, పూస్తుంది, మళ్ళీ గింజనే ఇస్తుంది. గడ్డ మాత్రం కట్టదు. రెండూ ఒకే జాతి మొక్కలే గాని, ఒకటి గింజకోసం పెంచిన రకం, రెండవది గడ్డకోసం తరతరాలుగా ఏరి ఏరి పెంచిన రకం. మనలో గోంగూరను ఆకుకు, దాని చుట్టమైన గోగును నారకు పెంచుకున్నట్లే. విత్తనం కొనేటప్పుడు పొట్లం మీద ఫ్లారెన్స్ ఫెనెల్ అని గాని, ఇటలీ వారి మాటలో ఫినోకియో అని గాని వున్నదా అని చూసి కొనవలెను.

ఆ పొట్లం మీద ఇంకొక మాట కూడా వుంటుంది. ఏ నెలలో విత్తాలో ఇంగ్లీషులో ముద్రిస్తారు. ఏప్రిలు మొదలు జూలై వరకు అని తరచు కనబడుతుంది. అది మంచు కురిసే దేశాలవారి పంచాంగం. మన ఏప్రిలులో విత్తితే మొలక కూడా మిగలదు. ఇంగ్లీషు చదవగలిగిన పిల్లలు “ఇక్కడ ఇట్లా వున్నది కదా” అని వాదించవచ్చు. వారికి ఈ క్రింది లెక్క చెప్పండి.

ఈ మొక్కకు గడ్డ కట్టడానికి చల్లని వాతావరణం కావాలి. 15 నుండి 20 డిగ్రీల మధ్య దీనికి ప్రాణం హాయిగా వుంటుంది. పగళ్ళు బాగా పొడుగైనా, ఎండ ముదిరినా, నీరు కరువైనా మొక్కకు ప్రాణభయం పుడుతుంది. అప్పుడు గడ్డ సంగతి వదిలి, వంశం నిలుపుకోవాలని పూత కాడ వేసేస్తుంది. ఇటలీలో జూన్ మాసంలో పగలు 15 గంటలు వుంటుంది. అక్కడి వారికి పగలే పెద్ద శత్రువు. మన ప్రాంతంలో ఏడాదిలోకెల్లా పొడుగైన పగలు 13 గంటలకు అటూఇటూగానే వుంటుంది, శీతకాలంలో 11 గంటల పైచిలుకు. అందుచేత పగటి పొడవు మనకు అంత బాధ కాదు. మన శత్రువులు ఎండ, నీటి ఎద్దడి. డిసెంబరు, జనవరి మాసాలలో మనకు మధ్యాహ్నం 30 డిగ్రీల ప్రాంతంలో వున్నా రాత్రిళ్ళు చల్లబడతాయి. ఆ చల్లదనమే మనకు దొరికే పెట్టుబడి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు అననే అన్నారు. ఈ పంట అంతకుముందే ఇంటికి రావాలి.

అసలు ఆ గడ్డ గడ్డే కాదు. ఉర్లగడ్డవలె నేలలో ఊరేది కాదు, ముల్లంగివలె వేరూ కాదు. ఆకు కాడల మొదళ్ళు ఒకదానిమీద ఒకటి కప్పుకుని, నేలకు పైన, రసం నింపుకుని ఉబ్బితే అది గడ్డవలె కనబడుతుంది. లోపలి నుండి కొత్త ఆకు వచ్చినకొద్దీ ఒక్కొక్క పొర చేరుతుంది. ఏ వారం నీరు తప్పితే ఆ వారపు పొర పలుచబడి నారవలె గట్టిపడుతుంది. తరువాత ఒక్కసారిగా నీరు పోస్తే ఉబ్బిన పొర నిలువునా చీలుతుంది. మనం నీరు ఎట్లా పోశామో ఆ గడ్డ కోసి చూస్తే తెలుస్తుంది. ఆఫీసులో రోజువారీ పుస్తకం తప్పులు దాచనట్లే ఇదీ దాచదు.

ఇంత శ్రమ పడి ఒక పరదేశి కూరను పెంచడం దేనికి అని కొందరు అడగవచ్చు. పరదేశి మాట కొస్తే మన మిరపకాయ, టమాటా కూడా సముద్రాలు దాటి వచ్చినవే. సోపు మొక్క స్వస్థలం మధ్యధరా సముద్ర తీరం. గ్రీకు భాషలో దీని పేరు మారథాన్. క్రీస్తుకు పూర్వం 490లో యుద్ధం జరిగిన మారథాన్ మైదానానికి ఈ మొక్కవల్లనే ఆ పేరు వచ్చిందంటారు. ఈనాడు ఊరూరా జరిగే పరుగు పందానికి ఆ పేరే నిలిచింది. గడ్డ రకాన్ని ప్రసిద్ధికి తెచ్చినవారు ఇటలీ వారు. 1824లో ఇటలీలోని లెగ్‌హార్న్ రేవులో అమెరికా ప్రతినిధిగా వున్న థామస్ ఆపిల్టన్ ఈ విత్తనాలను తన దేశపు మాజీ అధ్యక్షుడు జెఫర్సన్‌కు పంపాడు. ఆయన అప్పటికి ఎనభై ఏండ్లు దాటిన వృద్ధుడు. అయినా వాటిని తన మాంటిచెల్లో తోటలో విత్తించాడు. కొత్త కూరలు ఇట్లా ఒకరి చేతినుండి ఒకరి చేతికే వస్తూ వున్నాయి.

మన ప్రాంతానికి కూడా రాకపోకలు కొత్త కాదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు కాలువలకు వచ్చింది. ఆ సంవత్సరమే అక్టోబరు 1వ తేదీన బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ తరువాత గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి రైతు కుటుంబాలు తరలివచ్చి సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాలలో క్యాంపులు వేసుకున్నాయి. జొన్న, కొర్ర, పత్తి పండిన నేలలో వరి పచ్చబడింది. ధాన్యం పెరిగింది, చేతిలో రూపాయి ఆడింది. కాని ఒక నష్టం కూడా జరిగింది. జొన్నచేలలో అక్కడి సాళ్ళు వేసి అలసంద, అనుము, నువ్వు, పుండికూర ఇంటికి తెచ్చుకునే అలవాటు వరిమడి వచ్చిన చోట తగ్గిపోయింది. వరి వాకిలి దాకా వచ్చింది. కూరలు సంతనుండి కొనడం మొదలయింది. ఈనాడు పల్లెటూరి ఇల్లాలికి, తాను ఏమి పండించాలో తానే నిర్ణయించుకోగల నేల ఏదైనా మిగిలివుంటే, అది పెరటిలోని నాలుగడుగుల మడి ఒక్కటే. ఆ మడిని ఖాళీగా వుంచరాదన్నదే ఈ శీర్షిక సంకల్పం.

ఇక నీటి విషయం. 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ నెంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు ఆయకట్టు అంతా ఊపిరి బిగపట్టింది. వారం రోజులకు తాత్కాలికంగా దానిని మూయగలిగారు గాని, ఆ వారంలో నదిలోకి పోయిన నీరు కండ్లారా చూసినవారు కాలువను శాశ్వతమని ఇక నమ్మరు. కాబట్టి పెరటి మడి కాలువ మీద ఆధారపడరాదు. ఇంట్లో తెచ్చిపోసుకునే నీటిలో ఇముడుతుందా లేదా అని లెక్క చూసుకునే విత్తాలి.

ఆ లెక్క ఇదిగో. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడి తీసుకుందాము. మూడు వరుసలు, వరుసకు ఎనిమిది మొక్కలు, మొత్తం 24. చలికాలంలో మన ఎండకు, గాలికి ఈ మడి రోజుకు సుమారు 9 లీటర్ల నీరు ఖర్చు చేస్తుంది. నూరు రోజులకు 900 లీటర్లు. అంటే ఒక్కొక్క గడ్డకు దాదాపు 38 లీటర్లు. వినడానికి ఎక్కువగానే వున్నది. కాని బియ్యం కడిగిన నీరు, పప్పు కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు రోజూ పారబోసేదే కదా. నలుగురున్న ఇంట్లో వీటిని ఒక బకెట్టులో పట్టి వుంచితే మడి ఖర్చులో మంచి భాగం అక్కడే తీరుతుంది. సబ్బు నీరు, బట్టలుతికిన నీరు మాత్రం పోయరాదు. అందులోని క్షారం మన నేలకు ముందే ఎక్కువ. మంచినీటికే బండి కోసం ఎదురు చూసే ఇంట్లో 24 మొక్కలు వద్దు, ఎనిమిది చాలు. నీటికీ కుటుంబానికీ తగవు పెట్టే కూర ఎంత రుచిగా వున్నా మనకు అక్కరలేదు.

నేల తయారీ. నల్లరేగడి ఎండితే నెరియలు విచ్చుతుంది, తడిస్తే బంకబంకగా నీరు నిలుపుకుంటుంది. రెండూ ఈ మొక్కకు గిట్టవు. అందుచేత మడిని నేలమట్టానికి 6 అంగుళాలు ఎత్తుగా కట్టవలెను. సలికెతో జానెడు లోతు తవ్వి పెళ్ళలు చితక్కొట్టి, బాగా మాగిన దిబ్బ ఎరువు మూడు గంపలు, వంక ఇసుక రెండు గంపలు కలపాలి. పచ్చి పేడ వేయరాదు. వరి మిల్లుల బూడిద ఉచితంగా దొరుకుతున్నది కదా అని గుట్టలుగా పోయడం కూడా మంచిది కాదు, అది కూడా క్షారమే. నేలమీద తెల్లగా చవుడు పొక్కిన చోటు వుంటే దానిని వదిలివేయండి. అక్కడ లేత మొలకలు నిలవవు. అట్టివారు తొట్టిలో పెంచుకోవచ్చు.

విత్తడం. మన జిల్లాలో సెప్టెంబరు, అక్టోబరులలోనే వాన ఎక్కువ. పెద్ద వానలు వెనుకపట్టాక, దసరా నాటికి మొదటి విడత విత్తండి. రెండు మూడు వారాల తరువాత రెండవ విడత. ఒక విడతకు ఎండ దెబ్బ తగిలినా మరొకటి దక్కుతుంది. దీనిది తిన్నగా దిగే తల్లివేరు. నారు పోసి పీకి నాటితే వేరు కదిలిందని అలిగి పూతకు పోతుంది. కాబట్టి మడిలోనే, అర అంగుళం లోతున, జానెడు దూరానికి రెండు మూడు గింజలు వేసి, పైన పొడి ఎరువు పలుచగా చల్లండి. వరుసకు వరుసకు 16 అంగుళాలు వుండాలి. వారం పది రోజులకు, ఒక్కొక్కప్పుడు రెండు వారాలకు, దారపు పోగులవంటి మొలకలు వస్తాయి. మొలిచేవరకు మడిపైన తడి గోనెపట్ట కప్పి, మొలక కనబడగానే తీసివేయాలి. వేలెడెత్తు పెరిగాక జానెడుకు ఒక్క మొక్కే వుంచి మిగిలినవి కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది. కత్తిరించిన లేత ఆకు పప్పులోకి బాగుంటుంది.

పెంపకం. మొక్క జానెడెత్తు కాగానే మడిమీద వరిగడ్డి రెండంగుళాల మందాన పరవండి. మన ఊళ్ళలో గడ్డికి కొదువ లేదు. తేమ నిలుస్తుంది, నెరియలు విచ్చవు, కలుపు అణుగుతుంది. నీరు రోజు విడిచి రోజు, సాయంత్రం పూట, మొదట్లోనే పోయాలి. మోదలు కోడిగుడ్డంత ఉబ్బాక చుట్టూ మన్ను సగం వరకు ఎగదోయండి. వెలుతురు తగలని భాగం తెల్లగా, లేతగా, తియ్యగా తయారవుతుంది. ఆకుల నడిమి గుబ్బలోకి మన్ను పడకుండా చూసుకోవాలి. మడికి పడమటి వైపున ఒక కంది వరుస వుంటే జనవరి చివర మధ్యాహ్నపు ఎండ కాచుకుంటుంది. చిక్కుడు, టమాటాలకు పక్కనే ఈ మొక్క వేయరాదని అనేక దేశాల తోటమాలుల మాట. రెండడుగులు ఎడంగా వుంచితే ఏ పేచీ లేదు.

పురుగులలో పేనుబంకే ముఖ్యం. కొత్తిమీరకు పట్టేదే దీనికీ పడుతుంది. కొద్దిగా వుంటే నీళ్ళు చిలకరించి వేళ్ళతో తుడిచివేయండి. అక్షింతల పురుగులు కనబడితే వాటిని తరమవద్దు. ఆ బంకను తిని మనకు సాయపడేవి అవే. మరీ ముదిరితే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడిని ఒక రాత్రి నానబెట్టి, వడకట్టి చల్లండి. పొలంలో కొట్టే మందును మాత్రం పెరటి కూర దరికి రానీయవద్దు. పక్క వరిమడిలో మందు కొట్టే రోజున మడిమీద పాత చీర కప్పడం మరువరాదు.

కోత. విత్తిన 80 నుండి 100 రోజులకు గడ్డ పిడికిలంత అవుతుంది. నగరపు అంగళ్ళలో వున్నంత పెద్దది కావాలని ఆశపడి వుంచితే మన ఎండలకు నార తేలుతుంది. పిడికిలి నిండితే కోసేయండి. వేరు పీకకుండా, మొదలుకు ఒక అంగుళం పైన కత్తితో కోస్తే, మిగిలిన మొదలు నుండి చిన్న పిలకలు వచ్చి మరికొన్నాళ్ళు కూరకు పనికివస్తాయి.

వంట సంగతి చెప్పనిదే ఈ శీర్షిక ముగియదు. పచ్చిగా సన్నగా తరిగి, ఉప్పు, నిమ్మరసం పిండి జొన్న రొట్టెతో నంజుకుంటే కరకరలాడుతుంది. పెరుగులో కలిపి ఆవాలు, ఎండుమిర్చి తిరగమోత వేస్తే మంచి పెరుగు పచ్చడి. ఉల్లిగడ్డతో కలిపి నూనెలో మగ్గనిస్తే సోపు ఘాటు తగ్గి తియ్యదనం తేలుతుంది. కందిపప్పులో వేస్తే ధనియాలు తగ్గించుకోవాలి, లేకుంటే ఒక వాసన ఒకదానిని మింగివేస్తుంది. పైనున్న ఆకు మజ్జిగలోకి, పప్పులోకి. గట్టి కాడలు చారులో వేసి తీసివేయవచ్చు. ఏదీ పారవేయనక్కరలేదు.

ఇక రెండు మూడు సందేహాలకు సమాధానాలు.

తొట్టిలో వస్తుందా? అడుగు లోతున్న తొట్టి అయితే ఒక మొక్కకు చాలు. అయితే తొట్టి త్వరగా ఆరుతుంది. రోజూ నీరు తప్పదు.

పూత కాడ లేచింది, ఏమి చేయాలి? కాడ విరిచినా గడ్డ మళ్ళీ మెత్తబడదు. ఒకటి రెండు మొక్కలను పూయనివ్వండి. తేనెటీగలు, అక్షింతల పురుగులు వస్తాయి. తరువాత గింజ వస్తుంది, అది నోట్లో వేసుకోవడానికి బాగానే వుంటుంది. అయితే పక్కన మామూలు సోపు కూడా పూసి వుంటే రెండూ కలిసిపోతాయి కాబట్టి ఆ గింజను వచ్చే ఏటి గడ్డకోసం నమ్మరాదు.

మధుమేహానికి, బరువు తగ్గడానికి మందు అంటున్నారు, నిజమేనా? ఇది మందు కాదు, కూర. నూరు గ్రాములలో 31 కేలరీలు, మూడు గ్రాముల పీచు, 12 మిల్లీగ్రాముల సి విటమిను వుంటాయి. పొట్ట నిండి, బరువు పెరగని మంచి కూర అనవచ్చు, అంతే. నూరు గ్రాములకు 400 మిల్లీగ్రాములకు పైగా పొటాషియం వుంటుంది. కనుక మూత్రపిండాల జబ్బుకు పథ్యం చేస్తున్నవారు డాక్టరును అడిగి తినవలెను. వాడుతున్న మందులను దీనిని నమ్మి ఎవరూ మానరాదు.

మొదటి ఏడు ఎనిమిది మొక్కలతో ఆరంభించండి. ఎనిమిదింటిలో ఐదు గడ్డ కట్టితే మీ నేల, మీ నీరు, మీ చెయ్యి మూడూ మంచివని అర్థం. అక్కడ క్యారెట్, క్యాబేజీ, బీట్‌రూట్ ఏవైనా నిర్భయంగా వేయవచ్చు. ఏడు పూతకు పోయి ఒకటే మిగిలినా ఆకు, గింజ దక్కాయి కనుక మడి వృథా కాలేదు. ఎన్ని గడ్డలు కట్టాయో, ఏ తేదీన విత్తారో, నీరు ఎన్నాళ్ళకొకసారి పోశారో ఒక కార్డు మీద వ్రాసి సంఘం చిరునామాకు పంపండి. ఆ వివరాలన్నీ కూర్చి, మన ప్రాంతానికి సరిపడే తేదీలను శివరాత్రి తరువాతి సంచికలో ప్రకటిస్తాము. వచ్చే మాసం సబ్బసిగె, మెంతి ఒకే మడిలో వంతులవారీగా పెంచే పద్ధతి.